పెడచెవి

సూపరింటెండెంట్ గారు ఇద్దరినీ తక్షణం రమ్మంటున్నారని అటెండర్ వచ్చి చెప్పిన చోట కిందటివారం ఆగాం. ఇద్దరూ అంటే ఆస్పత్రి ఎంక్వయిరీ కౌంటర్లో ఇరవై రెండేళ్ళుగా కూర్చుంటున్న కౌంటరమ్మ, ఆరు వారాల క్రితం అదే కౌంటర్లో తాత్కాలికంగా చేరిన ఆవిడ కోడలు. వాళ్ళు అత్తాకోడళ్ళన్న సంగతి ఆస్పత్రిలో ఒక్క ప్రాణికి తెలియదు. "నా కోడలివని తెలిస్తే నువ్వు బాగా చేసినా నా చలవే అంటారు, చెడగొట్టినా నా నెత్తికే చుడతారు. ఆ గేటు దాటాక నేను నీకు మేడమ్‌ని" అని మొదటిరోజే తేల్చి చెప్పింది అత్తగారు. అప్పట్నుంచీ ఇద్దరూ ఒకే బస్సెక్కి వేర్వేరు సీట్లలో కూర్చుంటున్నారు. మధ్యాహ్నం ఇద్దరి డబ్బాల్లోనూ రోజూ ఒకే కూర చూసి ఫార్మసీ అమ్మాయి, "మీ ఇద్దరి నాలుకలూ కవలపిల్లలండీ" అని ఆటపట్టిస్తే, ఇద్దరూ ఒక నవ్వు నవ్వి మూతలు పెట్టేసుకుంటారు.

కౌంటరమ్మ అన్న పేరు రోగులు పెట్టిందే. ఆవిడ పని చేసే తీరు చూసి తీరాలి. ఎవరొచ్చినా కుర్చీలోంచి సగం లేస్తుంది. చేతిలో ఎంత పనున్నా పక్కన పెట్టి, ఆ నిమిషానికి లోకంలో ఆ ఒక్క మనిషే ఉన్నట్టు మొహంలోకి తిన్నగా చూస్తుంది. పేరడక్క ముందే "వయసెంతమ్మా?" అంటుంది. రిజిస్టర్ని వాళ్ళవైపు తిప్పి, "మీ పేరు మీ చేత్తోనే రాయండి, నేను రాస్తే అక్షరం తప్పిపోతుంది" అంటుంది. గది నంబరు నోటితో చెప్పి ఊరుకోదు, చీటీ మీద పెద్దగా రాసి చేతిలో పెడుతుంది. ఎటు వెళ్ళాలో తెలియక బెంబేలెత్తిపోతూ వచ్చినవాళ్ళు ఆ నాలుగు ముక్కలకే తేరుకునేవారు. కొత్తగా చేరిన నర్సులకి పాత నర్సులు చెప్పే మొదటి పాఠం, "ఒకపూట వెళ్ళి ఆవిడ పక్కన నించో" అని.

ఇంట్లో ఆ మనిషే వేరు. గుమ్మంలో చెప్పులతో పాటు ఆ నవ్వుని కూడా విడిచేసి వచ్చినట్టుండేది. వంటింట్లోంచి మూడుసార్లు అరిస్తే ఒకసారి "ఊఁ" అంటుంది, అదీ దేనికో తెలియదు. టీవీ పెట్టిందంటే వీధి చివరివాళ్ళు కూడా అవే వార్తలు వినాలి. పెళ్ళయిన మూడేళ్ళుగా కోడలు కడుపులో పెట్టుకున్న కష్టం ఇదే: ఊరికి ఒక మొహం, మాకు ఒక మొహం. మొగుడితో చెప్పుకుంటే, "అమ్మ రోజంతా వందమందితో మాట్లాడి అలిసిపోయి వస్తుంది, ఇంట్లో కాసేపు ఊరుకోనీ" అంటాడు. ఆ మాటకి ఇంకా ఒళ్ళు మండేది. వందమందికి దొరికే పలకరింపు ఇంట్లో ఒక్కదానికి దొరకదా?

ఆ మంట చల్లారకుండానే ఆ రోజు అత్తగారి వెనకే మెట్లెక్కింది కోడలు.

సూపరింటెండెంట్ ఆస్పత్రికి వచ్చి రెండు నెలలు. సన్నగా, గుబురు మీసాలతో ఉంటాడు. పక్కగదిలో ఎవరో నిద్రపోతున్నారన్నట్టు మెల్లగా మాట్లాడతాడు. ఆ మెల్లటి గొంతుకే అందరికీ హడల్. ఆయన బల్లకి ఇటువైపు ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. రిటైరైన డ్రిల్లు మాస్టారు. వయసు డెబ్బై దాటినా వీపు ఇంకా నిటారుగానే ఉంది. కళ్ళు మాత్రం బాగా వాచి ఉన్నాయి.

"కూర్చోండి" అన్నాడు సూపరింటెండెంట్.

కౌంటరమ్మ కుర్చీ పట్టుకుని, "ఎండ కళ్ళలో పడుతోంది సార్, కాస్త జరుపుకుంటాను" అని కిటికీవైపు లాక్కుని, కిటికీకి వీపు పెట్టి కూర్చుంది. కోడలు ఆ కుర్చీ మొదట ఉన్న చోటు చూసింది. అక్కడ ఎండే లేదు. వెలుగంతా ఇప్పుడు సూపరింటెండెంట్ మొహం మీద, మాస్టారి మొహం మీద పడుతోంది.

'ఎక్కడికెళ్ళినా ఈవిడకి తన సుఖమే ముందు' అనుకుంది కోడలు మనసులో.

సూపరింటెండెంట్ ఒక కాగితం చేతిలోకి తీసుకున్నాడు. "మాస్టారు రాసిచ్చిన ఫిర్యాదు. పోయిన మంగళవారం ఆయన భార్యకి కళ్ళు తిరుగుతున్నాయి. ఆవిణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టి, అటుగా వెళుతున్న మిమ్మల్ని పిలిచారు. ఒకసారి కాదు, నాలుగుసార్లు. 'పెడచెవిని పెట్టి వెళ్ళిపోయారు' అని రాశారు. ఈలోపు ఆవిడ బెంచీ మీంచి పడిపోయారు. మణికట్టు విరిగింది."

కౌంటరమ్మ రెండు చేతులూ ఒళ్ళో బిగించుకుంది. మొహంలో రంగు మారింది గాని చూపు చెదరలేదు.

సూపరింటెండెంట్ కాగితం మళ్ళీ పైకెత్తి చదువుతూ అడిగాడు. "ఆయన మిమ్మల్ని పిలిచింది ఎక్కడ?"

కాగితం వెనక ఆయన కళ్ళు తప్ప ఏమీ కనపడటం లేదు.

"మంగళవారమే సార్. పదకొండు దాటింది" అంది కౌంటరమ్మ.

సూపరింటెండెంట్ కాగితం దించాడు. "ఎప్పుడని అడగలేదు. ఎక్కడ అని అడిగాను."

"ఎక్స్‌రే గది ముందు వరండాలో సార్, ఆవిడ పడిన చోటే. రోజు, వేళ చెప్పి ఆ మాటా చెబుదామనుకున్నాను" అంది ఆవిడ, తొణకకుండా.

వినేవాళ్ళకి అది అతికినట్టే ఉంది. కోడలికి మాత్రం ఎక్కడో ముల్లు గుచ్చుకుంది. ఆరు వారాలుగా పక్కనే కూర్చుంటోంది. రోజుకి రెండొందల ప్రశ్నలు. ఒక్కదానికైనా అత్తగారు తప్పు జవాబు చెప్పగా వినలేదు. ఇప్పుడు ఇంత చిన్న మాట దగ్గర ఎందుకు తడబడింది? కాగితం అడ్డంగా ఉన్నప్పుడు తడబడింది. కాగితం దించగానే తేరుకుంది.

కోడలి చూపు సూపరింటెండెంట్ మొహం మీద పడుతున్న వెలుగు మీదికి పోయింది. అక్కడ్నుంచి అత్తగారి కళ్ళ మీదికి. ఆ కళ్ళు సూపరింటెండెంట్ కళ్ళలోకి చూడటం లేదు. ఆయన మీసాల కింద, పెదవుల మీద నిలిచి ఉన్నాయి.

వయసెంతమ్మా?

పేరు కంటే ముందు వయసెందుకడుగుతుందో ఆరు వారాలుగా అంతుపట్టలేదు. కోడలు గొంతు బయటికి రాకుండా, పెదవులతో అనుకుని చూసింది. 'పాపకి బాగాలేదు.' మళ్ళీ అనుకుంది. 'మామకి బాగాలేదు.' రెండుసార్లూ పెదవులు ఒకేలా కలిశాయి, ఒకేలా విడిపోయాయి. చూసేవాళ్ళకి పాపా ఒకటే, మామా ఒకటే. వయసు చెబితేనే తేడా తెలిసేది. పేర్లు పెదవుల మీద దొరకవు కాబట్టి రిజిస్టరు వాళ్ళవైపు తిప్పడం. నంబరు మళ్ళీ మళ్ళీ అడిగించుకోకుండా చీటీ మీద రాసివ్వడం.

ఈవిడకి వినపడదు.

ఇల్లంతా కోడలి కళ్ళ ముందు గిర్రున తిరిగింది. ఆ టీవీ మోత. మూడు కేకలకి ఒక "ఊఁ". అన్నిటికంటే ముందు, రెండేళ్ళ కిందటి ఒక సాయంత్రం. పుట్టింటి నుంచి ఫోనొచ్చింది. అత్తగారు వీపు ఇటు పెట్టి గిన్నెలు కడుగుతోంది, పంపు ధారగా పారుతోంది. "అత్తయ్యా, మా నాన్నకి అసలు బాగాలేదట, నాకు భయంగా ఉంది" అంది తను. అత్తగారు తల తిప్పకుండానే, "పాలు స్టవ్ మీద పెట్టాను, చూస్తూ ఉండు" అంది. ఆ రాత్రికే తండ్రి పోయాడు. ఆ పాల మాట అప్పట్నుంచీ కోడలి గుండెలో మేకులా దిగబడి ఉంది. తల్లితో ఎన్నిసార్లు చెప్పుకుని ఏడ్చిందో లెక్కలేదు. మర్నాడు సంగతి తెలిసి అత్తగారు దగ్గరికి తీసుకుంటే, తను ఆ చేతులు విదిలించుకుని పోయింది.

"మాస్టారూ, మీరేమైనా చెబుతారా?" అంటున్నాడు సూపరింటెండెంట్.

మాస్టారు తలదించుకున్నాడు. జేబురుమాలు మూతికి అడ్డం పెట్టుకుని ఏదో గొణిగాడు. కోడలికి వినపడింది. "ఆరేళ్ళుగా వస్తున్నానండీ..." అంటున్నాడు. అత్తగారికి అందే దారే లేదు. తల కిందికి, మూతికి గుడ్డ. ఇప్పుడేం చేస్తుంది?

కౌంటరమ్మ లేచింది. బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, మాస్టారి కుర్చీ ముందు నేల మీద గొంతుకూర్చుంది. జేబురుమాలు పట్టుకున్న చేతిని రెండు చేతులతో పట్టుకుని, మెల్లగా కిందికి దించింది. మాస్టారి మొహం ఇప్పుడు ఆవిడ మొహానికి జానెడు దూరంలో ఉంది.

"నాతో చెప్పండి మాస్టారూ. ఆ కాగితంలో రాయనివి కూడా చెప్పండి" అంది.

పెద్దాయన కరిగిపోయాడు. "ఆరేళ్ళుగా వస్తున్నానమ్మా. మా ఆవిణ్ణి చూడగానే నువ్వు లేచి నిలబడతావు. మా కొడుకులే లేవరు. 'కౌంటరమ్మ నన్ను చూసి లేస్తుంది' అని అది ఇంటికొచ్చి అందరికీ చెప్పుకునేది. వేరెవరైనా పలక్కపోతే ఫిర్యాదు చేసేవాణ్ణే కాదు. నువ్వు పలకలేదనే నాకు తట్టుకోలేనంత కోపం వచ్చింది."

"చెయ్యి ఎలా ఉంది ఆవిడకి?"

"కట్టు కట్టారు. ఆరు వారాలట."

"మీరు పిలిచారు, నేను ఆగలేదు. ఆవిడ పడిపోయింది నా మూలానే" అంది కౌంటరమ్మ. "తప్పు నాది మాస్టారూ. దానికి సాకు చెప్పను. సాయంత్రం మీ ఇంటికొచ్చి ఆవిడతోనే ఈ మాట చెబుతాను, మీరు రానిస్తే."

కోడలు చూస్తూ ఉండిపోయింది. అంతా తెలిసి చూస్తోంది కాబట్టి ఇప్పుడు ప్రతిదీ కనపడుతోంది. ఆవిడ నేల మీద కూర్చున్నది ఆయన పెదవులు అందడానికే. చెయ్యి పట్టుకున్నది గుడ్డ దించడానికే. కాని ఆవిడ కళ్ళలో నీళ్ళు ఊరాయి, అవి ఎందుకూ పనికొచ్చేవి కావు, చూపుకి అడ్డం కూడాను. వాటిని తుడుచుకుంటే ఆ క్షణంలో ఒక మాట జారిపోతుందని తుడుచుకోకుండా అలాగే రెప్పవేయకుండా చూస్తోంది. ఇలా రోజుకి ఎనిమిది గంటలు. ఇరవై మంది ఒకేసారి మీదపడి మాట్లాడుతుంటే, ఎవరి పెదవి ఎప్పుడు కదిలిందో పట్టుకుంటూ, విసుగు మొహంలోకి రానివ్వకుండా. ఇంటికొచ్చేసరికి ఆ కళ్ళకి ఇంకెవరి మొహమైనా చూసే ఓపిక ఎలా ఉంటుంది?

'నాకెందుకు చెప్పలేదు అత్తయ్యా' అని మనసులోనే గింజుకుంది కోడలు.

సూపరింటెండెంట్ లేచాడు. గోడవైపున్న బీరువా తెరిచి, హాజరు పుస్తకం వెతుకుతూ, వీపు ఇటు పెట్టి అడిగాడు. "ఆ రోజు ఫైళ్ళ పని చూడాల్సిన రెండో గుమాస్తా సెలవులో ఉన్నాడా?"

కౌంటరమ్మ అప్పుడే వచ్చి తన కుర్చీలో కూర్చుంటోంది. ఆవిడకి ఆ ప్రశ్న పుట్టిందన్న సంగతే తెలియదు. చీర చెంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. ఒక క్షణం. రెండు క్షణాలు. బీరువా దగ్గర ఆయన చెయ్యి ఆగింది.

కోడలు అత్తగారివైపు పూర్తిగా తిరిగింది. "మేడమ్," అంది, నిదానంగా, ఒక్కో మాటా విడదీసి, "రెండో గుమాస్తా ఆ రోజు సెలవా అని సార్ అడుగుతున్నారు."

కౌంటరమ్మ కళ్ళు కోడలి పెదవుల మీదికి వచ్చాయి. మాట అందుకున్నాయి. తర్వాత మెల్లగా పైకి, కళ్ళలోకి వచ్చాయి. మూడేళ్ళలో ఆ ఇద్దరూ ఒకరినొకరు అలా చూసుకున్నది లేదు. తెలిసిపోయిందా అని అడిగింది అత్తగారి చూపు. తెలిసిపోయిందని చెప్పింది కోడలి చూపు.

"సెలవే సార్. రెండు పనులూ నేనే చూశాను" అంది కౌంటరమ్మ. ఆ గొంతులో ఆ రోజుకి మొదటిసారిగా ఒక చిన్న జీర వినపడింది.

సూపరింటెండెంట్ పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాడు గాని తెరవలేదు. కోడలివైపు తిరిగాడు.

"మీరు ఆ రోజు వరండాలోనే ఉన్నారు. ఫైళ్ళు పట్టుకుని ఆవిడ వెనకాలే వస్తున్నారని మాస్టారు రాశారు. సూటిగా చెప్పండి. ఆయన పిలుపు ఆవిడకి వినపడిందా, లేదా?"

నిజమే. ఆ పిలుపులు కోడలికి వినపడ్డాయి. ఆవిడని పిలిస్తే ఆవిడే చూసుకుంటుందిలే అని మొండిగా ఊరుకుంది. ఇంట్లో నాకు పలకని మనిషి ఇక్కడెవరికి పలుకుతుందో చూద్దామని కూడా అనుకుంది. అవునంటే అత్తగారు పొగరుబోతు అవుతుంది. లేదంటే ఎందుకు వినపడలేదన్న ప్రశ్న వస్తుంది. అత్తగారు రెప్పవేయకుండా తన మూతివైపే చూస్తోంది. ఇరవై రెండేళ్ళ పేరు ఇప్పుడు తన పెదవుల మీద ఉంది.

"వినపడలేదు సార్" అంది కోడలు.

అత్తగారి వేళ్ళు కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాయి.

"వినపడి ఉంటే ఆగేవారు. అది మాస్టారికీ తెలుసు. వెనకాల నేను విన్నాను, వినీ చెప్పలేదు. ఆ పిలుపు నేను అందించి ఉంటే వాళ్ళావిడ పడిపోయేవారు కాదు. శిక్ష అంటూ ఉంటే నాకు వెయ్యండి."

మాస్టారు తల పైకెత్తాడు. కోడలిని ఎగాదిగా చూశాడు. "ఆ వరండాలో గోల కూడా అలాంటిదేలే" అని చెయ్యి చాపి, బల్ల మీది కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "సాయంత్రం రండమ్మా. ఇద్దరూ రండి. మా ఆవిడకి ఎడమ చెయ్యి బాగానే ఉంది, కాఫీ కలుపుతుంది" అని, అలవాటైన డ్రిల్లు నడకతో తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.

సూపరింటెండెంట్ వెళ్ళమన్నట్టు తలూపాడు. కౌంటరమ్మ నమస్కారం పెట్టి ముందు నడిచింది. కోడలికి కాళ్ళు తేలికైనట్టుంది. బయటికి వెళ్ళాక ఏం చెప్పాలి, ఎక్కడ మొదలుపెట్టాలి? ఆ పాల సాయంత్రం దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. ఎదురుగా నిలబడి, వెలుగున్న చోట నిలబడి చెప్పాలి.

కౌంటరమ్మ గుమ్మం దాటింది.

"మేడమ్, మీ తాళాలు ఇక్కడే మర్చిపోయారు." సూపరింటెండెంట్ గొంతు, ఎప్పట్లాగే మెల్లగా.

కోడలు చటుక్కున వెనక్కి తిరిగింది. బల్ల మీద హాజరు పుస్తకం ఉంది, ఆయన రెండు చేతులూ ఉన్నాయి. తాళాలు లేవు. వరండాలో అత్తగారి అడుగుల చప్పుడు ఆగకుండా సాగిపోతోంది.

"మీరు ఆగారు, ఆవిడ ఆగలేదు" అన్నాడాయన. "లోపలికొచ్చి తలుపు వేయండి."

కోడలు తలుపు వేసింది. సగం పైన అద్దం బిగించిన తలుపు. దానికే భుజం ఆనించి నిలబడింది.

"నాకు రెండు సంగతులు కావాలి" అన్నాడు సూపరింటెండెంట్. "ఆవిడకి ఎన్నాళ్ళుగా వినపడటం లేదన్నది రెండోది. ముందు మొదటిది. నేను అటు తిరిగి మాట్లాడితే మీరు ఇటు తిరిగి ఆవిడకి అందించారు. ఆవిడ శిక్ష మీ మీద వేసుకోబోయారు. ఆరు వారాల పరిచయానికి ఎవరూ అంత తెగించరు. ఉద్యోగం కోసం మీరు రాసిచ్చిన కాగితంలో, ఈ ఆస్పత్రిలో నా బంధువులెవరూ లేరని సంతకం ఉంది. ఒకే కుటుంబం వాళ్ళు ఒకే కౌంటర్లో ఉండకూడదన్నది ఇక్కడి నియమం. ఆలోచించి చెప్పండి. ఇద్దరి ఉద్యోగాలూ మీ నోట్లో ఉన్నాయి. ఆవిడ మీకేమవుతారు?"

ఏమీ కారు అన్న మాట నాలుక చివరే ఉంది. ఆరు వారాలుగా అందరితో అంటున్నదే. మూడేళ్ళుగా లోలోపల అనుకుంటున్నదీ అదే. కోడలు ఆయన చూపు తట్టుకోలేక పక్కకి మొహం తిప్పుకుంది.

అద్దానికి అవతల, రెండడుగుల దూరంలో, అత్తగారు నిలబడి ఉంది. వెనక మనిషి రావడం లేదని చూసుకుని తిరిగొచ్చినట్టుంది. సూపరింటెండెంట్ ఏం అడిగాడో ఆవిడకి తెలియదు. చూపు మాత్రం అద్దంలోంచి సూటిగా వచ్చి కోడలి పెదవుల మీద ఆగింది.

కోడలు ఆ మొహాన్నే చూస్తూ, తొందరపడకుండా, ప్రతి అక్షరం కనపడేలా చెప్పింది.

"మా అత్తయ్య."

వెనక సూపరింటెండెంట్ కుర్చీ కిర్రుమంది. అవతల కౌంటరమ్మ చెయ్యి పైకి లేచింది. ఇరవై రెండేళ్ళలో ఎవరి గదిలోకీ తట్టకుండా అడుగుపెట్టని మనిషి, ఆ చేతిని తలుపు పిడి మీద వేసి ఒక్కసారిగా తిప్పింది.